విన్న బోధను, వచ్చిన ప్రవచనాన్ని పరీక్షించడం ఎలా?

"ఫలానా దైవజనుడు చెప్పేది వాక్యమేనా?" "మా అమ్మాయి పెళ్లి గురించి ప్రవచనం వచ్చింది, నమ్మాలా?" "షుగర్ మాత్రలు మానేయమన్నారు, మానేస్తే అవిశ్వాసం అవుతుందా, మానకపోతే అవుతుందా?" హైదరాబాద్ సంఘాల్లో ఆరాధన ముగిసి బయటికొచ్చాక మెట్ల దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్నలు ఇవే. ఎవరి మాట వినాలో ఇక్కడ చెప్పడం లేదు. విన్న మాటను మీరే, మీ బైబిలుతో, తొందరపడకుండా పరీక్షించే పద్ధతి ఇస్తున్నాం.

పరీక్షిస్తే దేవుణ్ణి అనుమానించినట్టేనన్న భయం చాలామందికి ఉంటుంది. ఆ భయం ముందే తీసేసుకోండి. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని 1 థెస్సలొనీకయులకు 5:21 ఆజ్ఞాపిస్తోంది. పౌలు చెప్పిందే నిజమో కాదో అని బెరయవారు రోజూ లేఖనాలు తిరగేశారు. అందుకు వారిని ఘనులని మెచ్చుకున్నారే గాని మందలించలేదు (అపొస్తలుల కార్యములు 17:11).

కావలసినవి

- పూర్తి బైబిలు. ఫోన్‌లో వచ్చే రోజుకో వచనం దీనికి సరిపోదు. ఇంట్లో ఉన్న పాత అనువాదం, దానితో పాటు వాడుక భాషలో ఉన్న మరొక అనువాదం దగ్గర పెట్టుకోండి. పాత అనువాదంలో వాక్యం మరీ పొడవై అర్థం కాని చోట రెండోది ఆదుకుంటుంది.
- ఒక నోటుబుక్కు.
- వారానికి ఒక గంట.
- మీ సంఘానికి చెందినవారు ఒకరు, వేరే సంఘానికి చెందినవారు ఒకరు. ఇద్దరూ బైబిలు బాగా చదివినవాళ్లై, మీకు నచ్చని మాటైనా మొహం మీద చెప్పగలవాళ్లై ఉండాలి.
- ఓపిక. "ఈ రాత్రే నిర్ణయించుకో" అనే ఒత్తిడి ఎక్కడినుంచి వచ్చినా పని అక్కడే ఆపండి.

1. విన్నదాన్ని ఒక్క వాక్యంలో రాయండి

ప్రసంగం గంటన్నర ఉంటుంది. పాటలు, కన్నీళ్లు, కీబోర్డు, మైకు అన్నీ కలిసి మనసును కదిలిస్తాయి. ఇంటికొచ్చేసరికి "చాలా ఆత్మీయంగా ఉంది" అన్న భావమే మిగులుతుంది. భావాన్ని పరీక్షించలేం, మాటను పరీక్షించగలం. అందుకే ఆ రోజే నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి: ఎవరు ఏ తేదీన చెప్పారు, ఏమన్నారు, ఏ వచనం చూపించారు, మనల్ని ఏం చేయమన్నారు.

"దీవెన గురించి చెప్పారు" అని రాస్తే లాభం లేదు. "నెల జీతం మొత్తం కానుకగా ఇస్తే 90 రోజుల్లో అప్పు తీరుతుందన్నారు, మలాకీ 3:10 చూపించారు" అని రాయండి. ఇలా రాసేటప్పుడే సగం మాటల బలం తేలిపోతుంది. వచనం గడి ఖాళీగా ఉండిపోతే దాన్ని అలాగే వదిలేయండి, మీరు వెతికి నింపకండి. బోధకుడు చూపని ఆధారాన్ని మనం సమకూర్చిపెట్టడం చాలామంది చేసే పొరపాటు.

యూట్యూబ్ షార్ట్ లేదా వాట్సాప్ క్లిప్ ఆధారంగా ఏదీ రాయకండి. ముప్పై సెకన్ల ముక్కలో మంచి బోధకుణ్ణి అబద్ధికుడిగా చూపించవచ్చు, అబద్ధికుణ్ణి మంచివాడిగానూ చూపించవచ్చు. పూర్తి ప్రసంగం వెతికి, ఆ ముక్కకు ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు వినండి.

2. వచనాన్ని దాని అధ్యాయంలో చదవండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. తప్పు బోధల్లో చాలా భాగం బైబిలులో లేని మాటలతో రాదు. ఉన్న మాటను చోటు మార్చి చెప్పడం వల్లే వస్తుంది.

ఆ వచనం ఉన్న అధ్యాయమంతా చదవండి. తర్వాత దాని ముందు అధ్యాయం, వెనక అధ్యాయం కూడా చదివి ఈ ప్రశ్నలకు జవాబు రాయండి: ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటున్నారు? ఈ మాట అందరికీ చెప్పిందా, ఒకరికి చెప్పిందా? ఇదే సంగతి గురించి బైబిలులో మరోచోట ఏముంది?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకుంటాం కదా, అందులో తరచుగా వచ్చే వచనాన్నే చూద్దాం. యిర్మీయా 29:11లో దేవుడు తన ప్రజల విషయంలో తలపెట్టినవి సమాధానకరమైన ఉద్దేశాలేగాని హానికరమైనవి కావని ఉంది. ఇది నిజం, ఆదరణ ఇచ్చే మాట కూడా. ఆ అధ్యాయం మొదటినుంచి చదవండి. ఇది బబులోనుకు చెరపట్టబడినవారికి రాసిన ఉత్తరం. 10వ వచనంలో డెబ్బది సంవత్సరాలు అని ఉంది. ఉత్తరం అందుకున్నవారిలో చాలామంది ఆ చెరలోనే ముసలివారై పోతారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఉన్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని దేవుడు వారికి చెప్పాడు. 8, 9 వచనాల్లో మీ మధ్యనున్న ప్రవక్తల చేత మోసపోకండి అని హెచ్చరిక కూడా ఉంది. "ఈ సంవత్సరమే మీ వీసా" అని చెప్పడానికి వాడే వచనానికి రెండు వచనాల ముందే ఈ హెచ్చరిక ఉందని చాలామంది గమనించరు. కార్డు తీసుకోవడం తప్పు కాదు. తీసుకున్న రాత్రే ఆ అధ్యాయం మొత్తం చదవడం అలవాటు చేసుకోండి.

ఇంకొక వచనం. ప్రశ్నించినవారి నోరు మూయించడానికి దీన్నే ఎక్కువగా వాడతారు: "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" (కీర్తనలు 105:15). 12వ వచనం నుంచి చదవండి. దేశం కాని దేశంలో కొద్దిమందిగా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించిన మాట ఇది. వారికి హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించాడు. బలహీనులను బలవంతుల నుంచి కాపాడటానికి చెప్పిన మాటను బలవంతుణ్ణి ప్రశ్నల నుంచి కాపాడటానికి వాడితే అర్థం తలకిందులవుతుంది. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు, నిజమే. అదే అధ్యాయంలో (1 సమూయేలు 24) సౌలు చేస్తున్న అన్యాయాన్ని అతని ఎదుటే చెప్పాడు. నాతాను దావీదును, పౌలు పేతురును ముఖాముఖి గద్దించారు (2 సమూయేలు 12, గలతీయులకు 2:11). మర్యాదగా ప్రశ్న అడగడం అభిషిక్తుణ్ణి ముట్టడం కాదు. ఈ విషయంలో మెత్తబడకండి.

అలాగే చదవదగిన మరికొన్ని: ఫిలిప్పీయులకు 4:13ను 11, 12 వచనాలతో కలిపి చదవండి, అక్కడ మాట పరీక్షల్లో మార్కుల గురించి కాక ఆకలిని, లేమిని సహించడం గురించి ఉంది. 3 యోహాను 2వ వచనం గాయుకు రాసిన ఉత్తరంలో యోహాను క్షేమం కోరిన మాట.

3. యేసుక్రీస్తు గురించి ఏమంటున్నారో చూడండి

1 యోహాను 4:1-3లో ఆత్మలను పరీక్షించమన్న వెంటనే వచ్చే కొలమానం ఇదే: యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకుంటున్నారా? ఆయన దేవుడు, మనిషి అయ్యాడు, మన పాపాల కోసం చనిపోయాడు, తిరిగి లేచాడు (1 కొరింథీయులకు 15:3, 4). రక్షణ ఆయన కృపవల్లే. అపొస్తలుల విశ్వాస ప్రమాణం మీకు నోటికొస్తే దాన్ని పక్కన పెట్టుకుని విన్న బోధను ఒక్కో వాక్యంతో పోల్చుకోండి. సీఎస్ఐ, మెథడిస్టు సంఘాల్లో దాన్ని ఆరాధనలోనే చెబుతారు. మీ సంఘంలో చెప్పకపోయినా అందులోని విశ్వాసం అందరిదీ.

ఇక్కడ ప్రమాద సూచనలు:

- క్రీస్తుతో పాటు మరో రక్షకుడు, ఇప్పుడు బతికి ఉన్న మరో దైవం లేదా "అమ్మ" కావాలనడం.
- "మా గుంపులో ఉన్నవారికే పరలోకం, మిగతా సంఘాలన్నీ బబులోను" అనడం.
- మొదటి కొన్ని నెలలు ఏం బోధిస్తున్నామో ఇంట్లో చెప్పవద్దనడం. సువార్తలో దాచవలసినది ఏదీ లేదు.
- యేసు రాకడకు తేదీ చెప్పడం. మత్తయి 24:36, అపొస్తలుల కార్యములు 1:7 దీన్ని మూసేశాయి. అమెరికాలో విలియమ్ మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న వస్తాడని ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అని రేడియోలో ప్రకటించాడు. రెండు తేదీలూ దాటిపోయాయి. తేదీ చెబితే ఆ బోధను పక్కన పెట్టేయడానికి అంతకన్నా పరిశోధన అక్కర్లేదు.

ఇక ఇక్కడే చాలామంది రెండో వైపుకు జారిపోతారు. చిలకరింపు బాప్తిస్మమా, ముంచడమా, స్త్రీలు ముసుగు వేసుకోవాలా, నగలు పెట్టుకోవచ్చా, అన్యభాషలు ఇప్పుడూ ఉన్నాయా, ఇవన్నీ నిజంగా చర్చించదగిన విషయాలే. వీటిలో తేడా ఉన్నంత మాత్రాన అవతలివారు అబద్ధ బోధకులు అయిపోరు. గోల్కొండ చౌరస్తాలో హెబ్రోనుకు వెళ్లే కుటుంబం, నారాయణగూడ బాప్టిస్టు చర్చికి వెళ్లే కుటుంబం, సికింద్రాబాద్ వెస్లీ చర్చికి వెళ్లే కుటుంబం ఒకే క్రీస్తును ఒప్పుకుంటూ కొన్ని ఆచారాల్లో వేరుగా ఉండవచ్చు. అబద్ధ బోధ అన్న మాట చాలా బరువైనది. దాన్ని చిన్న తేడాలకు ఖర్చు చేస్తే, నిజంగా అవసరమైన రోజున ఎవరూ వినరు.

4. వ్యక్తిగత ప్రవచనమైతే ఇలా చూడండి

"దేవుడు నాతో చెప్పాడు, నువ్వు ఫలానా అబ్బాయిని చేసుకోవాలి." "ఆ ఉద్యోగం వదిలెయ్యి." ఇలాంటివి వచ్చినప్పుడు:

(అ) జరిగిందా లేదా అని మాత్రమే చూడకండి. ద్వితీయోపదేశకాండము 18:22 ప్రకారం ప్రవక్త చెప్పింది జరగకపోతే అది దేవుని మాట కాదు. అయితే 13:1-3 చదవండి. చెప్పిన సూచన జరిగినా, అది మనల్ని దేవుని నుంచి పక్కకు తీసుకెళ్తే వినకూడదని అక్కడ ఉంది. కాబట్టి నిజమవడం ఒక్కటే చాలదు, ఎటు నడిపిస్తోందన్నది కూడా చూడాలి.

(ఆ) ఆ సమాచారం ముందే వాళ్లకు తెలిసే దారి ఉందా? ప్రార్థన చీటీ రాసిచ్చారా? గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, సమస్య నమోదు చేయించుకున్నారా? మీ ఫేస్‌బుక్‌లో ఉందా? పరేడ్ గ్రౌండ్స్‌లోనో, ఎల్బీ స్టేడియంలోనో కూర్చున్న వేలమందిలో "నడుము నొప్పితో ఒక సహోదరి ఇక్కడ ఉంది" అంటే అది చాలామందికి తగిలే మాట. అందరికీ వర్తించే మాటను ప్రత్యక్షతగా లెక్కపెట్టకండి.

(ఇ) మిగతావారు వివేచించారా? ప్రవక్తలు మాట్లాడుతుంటే తక్కినవారు వివేచించాలని 1 కొరింథీయులకు 14:29 చెబుతోంది. గదిలోకి ఒంటరిగా పిలిచి చెప్పి, "ఎవరికీ చెప్పకు" అంటే ఈ ఆజ్ఞను దాటినట్టే. ముఖ్యంగా అమ్మాయిలు, పిల్లలు ఒంటరిగా మూసిన గదిలో ప్రార్థన చేయించుకోవడానికి వెళ్లకూడదు, పంపకూడదు. తోడుగా ఒకరు ఉండాలి, తలుపు తీసి ఉండాలి. అభ్యంతరం చెప్పే సేవకుడి దగ్గరకు మళ్లీ వెళ్లనక్కర్లేదు.

(ఈ) దేవుడు ఇదివరకే స్పష్టంగా చెప్పినదానికి ఎదురు వెళ్తోందా? 1 రాజులు 13 చదవండి. యూదా నుంచి వచ్చిన దైవజనుడికి దేవుడు ఏ ఆజ్ఞ ఇచ్చాడో అతనికి తెలుసు. ఒక ముసలి ప్రవక్త వచ్చి "దేవదూత నాతో చెప్పాడు" అని అబద్ధమాడితే నమ్మి వెనక్కి తిరిగాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. చెప్పినవాడు ప్రవక్తే, వయసులో పెద్దవాడే. అయినా ఆ మాట అబద్ధం. భార్యను వదిలేయమనే ప్రవచనం, అప్పు ఎగ్గొట్టమనే ప్రవచనం, తల్లిదండ్రులకు అబద్ధం చెప్పమనే ప్రవచనం ఎంత కన్నీటితో వచ్చినా ఇక్కడే ఆగిపోవాలి.

(ఉ) గడువు పెట్టుకోండి. పెళ్లి, ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానడం లాంటివాటిలో కనీసం మూడు నెలలు ఆగండి. నిజంగా దేవుని నడిపింపైతే మూడు నెలల ప్రార్థనకు అది చెదిరిపోదు. పెళ్లి విషయంలో ప్రవచనం ఉన్నా మామూలు విచారణ వదలకండి: అబ్బాయి ఉద్యోగం, అప్పులు, ఆరోగ్యం, ఇదివరకు పెళ్లి జరిగిందా, ఇరుగుపొరుగు ఏమంటున్నారు. అమ్మాయి ఇష్టం అడగకుండా ప్రవచనం పేరుతో చేసిన పెళ్లిని ఏ వచనమూ సమర్థించదు.

మంచి మాట చెప్పిన ప్రతి ప్రవక్తా అబద్ధికుడు కాడు, భయపెట్టిన ప్రతివాడూ నిజం కాడు. అయినా ఒక ధోరణి గమనించండి. హనన్యా రెండేళ్లలో చెర ముగుస్తుందని చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు, యిర్మీయా కాదన్నాడు (యిర్మీయా 28). నాలుగువందలమంది ప్రవక్తలు అహాబుకు విజయం చెప్పారు, మీకాయా ఒక్కడే ఎదురు చెప్పాడు (1 రాజులు 22). వినడానికి హాయిగా ఉందనో, అందరూ అదే అంటున్నారనో సరిపెట్టుకోవడానికి లేదు.

5. స్వస్థత మాట వస్తే మందుల డబ్బా పక్కన పడేయకండి

ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి సమయం ఉండదు. అందుకే గట్టిగా చెబుతున్నాం: ఎవరు చెప్పినా, ఏ కూటంలో చెప్పినా, డాక్టరును అడగకుండా మందు ఆపకండి.

- టైప్ 1 షుగర్ ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే, కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం వస్తుంది.
- మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.
- మామూలు టీబీకి చికిత్స ఆరు నెలలు. కొద్ది వారాల్లోనే దగ్గు తగ్గి బాగున్నట్టు ఉంటుంది. "స్వస్థత వచ్చింది" అని అక్కడ ఆపితే జబ్బు తిరగబెట్టి, మందులకు లొంగని టీబీగా మారవచ్చు.
- ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, నిమ్స్‌లోనో కీమో సగంలో ఉన్నవారు తేదీ తప్పించకూడదు.
- మతి స్థిమితం తప్పినవారికి "దయ్యం" అని పేరు పెట్టి కొట్టడం, కట్టేయడం, అన్నం పెట్టకపోవడం నేరం, పాపం. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసి సలహా అడగండి. ప్రార్థన పక్కనే చేసుకోవచ్చు.

స్వస్థత నిజమా కాదా తెలుసుకునే మార్గం యేసే చూపించాడు. బాగుపడిన కుష్ఠరోగిని వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మన్నాడు (మార్కు 1:44). ఆ రోజుల్లో బాగైందని నిర్ధారించవలసినవాడు యాజకుడు, ఈ రోజు ఆ పని చేసేది డాక్టరు, ల్యాబు. షుగర్ పోయిందంటే మందు వాడుతూనే మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చేయించండి. గత రెండు మూడు నెలల సగటు అందులో తెలుస్తుంది. తగ్గిందని డాక్టరు అంటే ఆయనే మోతాదు తగ్గిస్తాడు. అప్పుడు చెప్పే సాక్ష్యానికి రిపోర్టు కూడా తోడుంటుంది.

"నీ విశ్వాసం చాల్లేదు, అందుకే బాగుపడలేదు" అని రోగిని నిందించడం దగ్గర ఆ బోధ తన రంగు బయటపెడుతుంది. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతికి కడుపు జబ్బు తరచుగా వచ్చేది (1 తిమోతి 5:23). పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ, ఎంత వేడుకున్నా తొలగలేదు (2 కొరింథీయులకు 12:7-9). వీరిలో ఎవరినీ విశ్వాసం లేనివారని ఎవరూ అనలేదు. యోబును అలా నిందించిన స్నేహితుల మీద దేవునికి కోపం వచ్చింది (యోబు 42:7).

ఉపవాస ప్రార్థనలకూ ఇదే జాగ్రత్త. షుగరుకు ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గాని వాడేవారు అన్నం మానితే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా డాక్టరును అడగాలి. ప్రత్యామ్నాయంగా టీవీ, ఫోన్, మాంసాహారం మాని ఆ సమయం ప్రార్థనకు పెట్టవచ్చు.

6. డబ్బు ఎటు పోతోందో చూడండి

కానుక అడగడం తప్పు కాదు, సంఘం నడవాలి కదా. చూడవలసింది అడిగే తీరు. దీవెనకు వెల కడుతున్నారా? నయమాను బాగుపడ్డాక ఎలీషా ఏమీ తీసుకోలేదు, ఆ తర్వాత వెంటపడి తీసుకున్న గేహజీ కుష్ఠరోగి అయ్యాడు (2 రాజులు 5). పరిశుద్ధాత్మను డబ్బుతో కొనాలనుకున్న గారడీ సీమోనును పేతురు గద్దించాడు (అపొస్తలుల కార్యములు 8). నూనె సీసాకు ఇంత, రుమాలుకు ఇంత, ముందు వరుసలో ప్రత్యేక ప్రార్థనకు ఇంత అని రేటు ఉంటే ఈ రెండు అధ్యాయాలు చదివి చూడండి.

చేయవలసిన పనులు:

- క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక, డబ్బు పంపే ముందు తెర మీద వచ్చే పేరు చూడండి. సంఘం పేరు వస్తోందా, వ్యక్తి పేరా? వ్యక్తి పేరు వస్తే కారణం అడగండి. చిన్న ఇంటి సంఘాలకు ఇంకా ఖాతా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు లెక్క ఎవరు చూస్తున్నారో తెలుసుకోండి.
- రసీదు అడగండి.
- సంవత్సరానికోసారి జమాఖర్చులు సంఘం ముందు చదువుతారా, కానుక డబ్బు ఒక్కరే లెక్కపెడతారా, ఇద్దరు ముగ్గురా అని అడగండి. పౌలు విరాళం తీసుకెళ్లేటప్పుడు నింద రాకూడదని వేరేవారిని తోడు తీసుకెళ్లాడు (2 కొరింథీయులకు 8:19-21).
- అప్పు చేసి, తాకట్టు పెట్టి, క్రెడిట్ కార్డు మీద కానుక ఇవ్వకండి. బలవంతంగా ఇవ్వవద్దని 2 కొరింథీయులకు 9:7లో ఉంది.
- దశమభాగం అడిగేటప్పుడు మలాకీ 3తో పాటు ద్వితీయోపదేశకాండము 14:28, 29 చూపిస్తున్నారా? అందులో ఆ భాగం లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు వెళ్తుంది. మీ సంఘంలో ఆ వాటా ఎవరికి అందుతోందో చూడండి.

"వీసా ప్రార్థన" పేరుతో, సంఘ సభ్యుల మధ్య రెట్టింపు డబ్బు పథకాల పేరుతో మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బు ఎంత త్వరగా చెబితే ఆపే అవకాశం అంత ఎక్కువ. సంఘం పరువు పోతుందని ఆగకండి.

7. మనిషిని, ఫలాన్ని చూడండి

అబద్ధ ప్రవక్తలను ఫలం వల్ల తెలుసుకొమ్మని మత్తయి 7:15-20లో యేసు అన్నాడు. సభకు ఎంతమంది వచ్చారు, ఎన్ని వ్యూస్ వచ్చాయి అన్నవి ఫలాలు కావు. తర్వాతి వచనాల్లోనే, ప్రవచించి, దయ్యాలను వెళ్లగొట్టి, అద్భుతాలు చేసినా "మిమ్మును ఎరుగను" అనిపించుకున్నవారు ఉన్నారు. 1 తిమోతి 3:1-7 తెరిచి ఆ జాబితాతో పోల్చండి: ఇంట్లో ఎలా ఉన్నాడు, కోపిష్ఠా, ధనాపేక్ష ఉందా, బయటివారి దగ్గర మంచి పేరుందా. వీటికి మీకు ఒక్క ఆదివారంలో జవాబు దొరకదు. డ్రైవరుతో, వాచ్‌మన్‌తో, సౌండ్ సిస్టమ్ పెట్టే కుర్రాడితో ఎలా మాట్లాడతారో గమనిస్తే కొంత తెలుస్తుంది. ఎవరికి లెక్క చెప్పుకుంటారన్నది ఇంకో ప్రశ్న. తప్పు జరిగితే ఆయన్ని ఆపగలిగే పెద్దలు లేదా కమిటీ ఉందా? "నేను దేవునికే జవాబుదారీ" అనే మాట వినడానికి భక్తిగా ఉంటుంది, దాని కింద ఎవరూ ప్రశ్నించకూడదన్న ఏర్పాటు ఉంటుంది.

8. వెళ్లి అడగండి

ముందు బయట ప్రచారం చేయకండి, గ్రూపులో పెట్టకండి. "అయ్యగారూ, పోయిన ఆదివారం మీరు చెప్పిన కీర్తన గురించి ఒక సందేహం ఉంది. ఎప్పుడు కలవమంటారు?" అని అడగండి. మీరు రాసుకున్న ఒక్క వాక్యం, చదివిన అధ్యాయం చూపించండి. "మీరు తప్పు చెప్పారు" అనడానికి బదులు "ఈ పైవచనాలతో దీన్ని ఎలా కలిపి అర్థం చేసుకోవాలి?" అనండి. మంచి కాపరి సంతోషిస్తాడు. చాలాసార్లు మనమే పొరపాటుగా విన్నామని తేలుతుంది, ఒక్కోసారి ఆయనే వచ్చే ఆదివారం సరిచేసి చెబుతాడు. కోప్పడటం, వేదిక మీదనుంచి పేరు పెట్టకుండా దెప్పడం, శాపం పెడతానని బెదిరించడం జరిగితే మీ ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే.

నేరారోపణ అయితే పద్ధతి వేరు. 1 తిమోతి 5:19 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నింద అంగీకరించకూడదు. సంఘ క్రమశిక్షణకు సంబంధించిన నియమం అది. పిల్లల మీద, స్త్రీల మీద అఘాయిత్యం జరిగితే సాక్షుల కోసం ఎదురుచూడక్కర్లేదు: పిల్లలకు 1098, స్త్రీలకు 181, అత్యవసరానికి 112. సంఘంలో రాజీ కుదిర్చే విషయం కాదది.

9. మూడు వరుసల్లో తేల్చండి

నోటుబుక్కులో ప్రతి మాట పక్కన మూడింటిలో ఒకటి రాయండి: చేపట్టాలి, ఆగాలి, వదలాలి. అన్నిటినీ మొదటి వారమే తేల్చనక్కర్లేదు. "ఆగాలి" వరుస నిండుగా ఉండటం ఆరోగ్యకరం. ఒకే బోధకుడి ప్రసంగంలో మూడు రకాలూ ఉండవచ్చు.

తరచుగా జరిగే పొరపాట్లు

కొత్తగా పరీక్షించడం నేర్చుకున్నవారు అందరిలో తప్పులు వెతకడం మొదలుపెడతారు. ఆరు నెలల్లో ఏ ఆరాధనలోనూ కూర్చోలేని స్థితికి వస్తారు. అబద్ధ అపొస్తలులను పరీక్షించి కనుగొన్న ఎఫెసు సంఘాన్ని మెచ్చుకున్న ప్రభువే, మొదటి ప్రేమను వదిలావని గద్దించాడు (ప్రకటన 2:2-4). వారంలో విమర్శల వీడియోలు చూసే సమయం బైబిలు చదివే సమయాన్ని మించితే ఆ వీడియోలు తగ్గించండి.

మరో పొరపాటు, సొంత కోరికను నడిపింపు అనుకోవడం. మీకు ఇష్టమైన ప్రవచనానికే గట్టి పరీక్ష పెట్టండి. "నాకు సమాధానంగా అనిపించింది" అన్నది ఒక్కటే ఆధారమైతే "ఆగాలి" వరుసలో వేయండి. దేవుని ఆజ్ఞ కాదని పారిపోతున్న యోనా ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు, ఆ నెమ్మది దేవుని సమ్మతి అని ఎవరూ అనలేం.

ఫలితం సరిచూసుకోవడం

మూడు నెలలకోసారి నోటుబుక్కు వెనక్కి తిప్పండి. తేదీ వేసిన ప్రవచనాలు ఏమయ్యాయి? నెరవేరని వాటి గురించి ఆ సేవకుడు క్షమాపణ చెప్పాడా, మాట మార్చాడా? ఈ బోధ విన్న తర్వాత మీ ఇంట్లో కోపం తగ్గిందా, అప్పు పెరిగిందా, భయం పెరిగిందా? మీ ప్రార్థనలో యేసు పేరు ఎక్కువైందా, సేవకుడి పేరా? ఇంట్లో ఉన్నవారినే ఈ ప్రశ్న అడగండి, మనకన్నా వాళ్లకు బాగా తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లు నమ్మేసినప్పుడు

అమ్మ గాని, అత్తయ్య గాని ఒక బోధకుణ్ణి పదేళ్లుగా వింటుంటే, వీడియోలు చూపించి వాదిస్తే లాభం ఉండదు. ఆయన్ని ఏమైనా అంటే ఆమె కష్టకాలంలో పొందిన ఆదరణను అన్నట్టు ఉంటుంది. ఆమెతో కలిసి కూర్చుని, ఆయన చూపించిన వచనం ఉన్న అధ్యాయాన్ని రోజుకొకటి బయటికి చదవండి. వ్యాఖ్యానం చెప్పకండి, ప్రశ్న ఆమెనే అడగనివ్వండి. మందులు, ఆస్తి కాగితాలు, బ్యాంకు సంతకాలు మాత్రం ఇంట్లో ఇద్దరి కంట్లో ఉండేలా చూసుకోండి.

సంఘం మారక తప్పకపోతే

గొడవ పడి వెళ్లకండి. ముందు మీ బాప్తిస్మ ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం ప్రతులు తీసుకోండి. సభ్యత్వ బదిలీ లేఖ ఇచ్చే సంఘమైతే అడగండి. సంఘం ఖాతాకు నెలనెలా ఆటోమేటిక్‌గా వెళ్లే చెల్లింపులుంటే బ్యాంకులో ఆపించండి. చాలా కుటుంబాలు సమాధుల తోటలో చోటు దొరకదేమోనన్న భయంతోనే తప్పు బోధ వింటూ కూర్చుంటాయి. కాబట్టి చేరబోయే సంఘంలో సభ్యత్వానికి ఎంతకాలం పడుతుందో, సమాధి స్థలం నియమాలేమిటో మొదటి నెలలోనే అడిగి రాసుకోండి. కొత్తచోట మొదటి మూడు నెలలు బాధ్యతలేవీ తీసుకోకుండా వినండి, అక్కడి బోధను కూడా ఇదే నోటుబుక్కులో, మొదటి మెట్టు నుంచి రాయండి.